గోవింద నామాల ఊళ్ళో బౌద్ధ ధ్యానం: రోజూ ఎలా చేయాలి

తిరుపతిలో ఉంటూ ధ్యానం మొదలుపెట్టాలనుకునేవాళ్ళు ముందుగా అడిగేవి రెండు ప్రశ్నలు. "ఇంత గోలలో కుదిరే పనేనా?" అనేది ఒకటి. "మనం వెంకన్నను నమ్ముకున్నోళ్ళం గదా, బుద్ధుడి పద్ధతిలో కూర్చుంటే తప్పేమన్నా ఉందా?" అనేది రెండోది.

రెండోదానికి జవాబు చిన్నది. తప్పేమీ లేదు. ఇంట్లో దీపం పెట్టుకోండి, శనివారం ఒక్కపొద్దు ఉండండి, కొండకు నడిచి పొండి. బుద్ధుడు నేర్పిన ఆనాపానసతి, అంటే వచ్చీపోయే ఊపిరిని గమనించడం, మిమ్మల్ని ఏ దేవుణ్ణీ వదులుకోమనదు. మంత్రం ఉండదు, విగ్రహం అక్కర్లేదు. అట్లని వట్టి ఎక్సర్‌సైజు అనుకోవద్దు. దానికి కట్టుబడే నడవడి ఒకటి ఉంది, ఆ సంగతి కిందికి వచ్చాక చెప్తాను. మనకు పరాయిదీ కాదు. అమరావతి, నాగార్జునకొండ గురించి అందరూ విన్నవాళ్ళే. మన రేణిగుంట నుంచి కడప పోయే రైలు దారిలో నందలూరు వస్తుంది, ఆ ఊరి దగ్గరి గుట్టల్లోనూ బౌద్ధుల ఆనవాళ్ళు ఉన్నాయి.

మొదటి ప్రశ్నకు జవాబే ఈ వ్యాసమంతా. గోల లేని చోటు వెతుక్కుంటూ పోతే తిరుపతిలో జన్మంతా వెతుకుతూనే ఉండాలి. అందుకని ఉన్న గోలలోనే మొదలుపెట్టండి. రోజూ కొత్తగా లేచినట్టుండే హాయి, ఉన్నదానితో తృప్తి, ఇవి నిశ్శబ్దం నుంచి రావు. మనసు ఎటో పోయిందని తెలిసినప్పుడు, తిట్టుకోకుండా మళ్ళీ ఊపిరి దగ్గరికి వస్తారు చూడండి, అక్కడి నుంచి వస్తాయి. ఒక పూట మనసు నూరు సార్లు పారిపోయి, నూరు సార్లూ మీరు వెనక్కి తెచ్చుకున్నారనుకోండి. ఆ పూట బాగా జరిగినట్టే లెక్క.

చోటు, వేళ

తెల్లవారుజామున ఐదు గంటలైతే మేలు. మే నెలలో ఏడు దాటితే ఇక్కడి ఉక్కకు ఒళ్ళు సహకరించదు, ఫ్యాను కింద కూర్చున్నా చొక్కా వీపుకు అంటుకుంటుంది. నైట్ డ్యూటీ వాళ్ళు, అంటే లాడ్జీ రిసెప్షన్లో కూర్చునేవాళ్ళు, ఆస్పత్రి నర్సులు, జీపు డ్రైవర్లు, ఇంటికొచ్చి స్నానం చేశాక, పడుకోబోయే ముందు కూర్చోండి. ఏ వేళయినా ఒకటే వేళ పెట్టుకోవడం ముఖ్యం. లేకపోతే "ఇంకాసేపట్లో" అంటూ రాత్రి పదకొండవుతుంది.

నేల మీద చాప వేసి, దుప్పటి నాలుగు మడతలు పెట్టి దాని అంచు మీద కూర్చోండి. పిరుదులు మోకాళ్ళ కన్నా కాస్త ఎత్తులో ఉంటే నడుము దానంతటదే నిలబడుతుంది. మోకాళ్ళు నొప్పులున్నవాళ్ళు కుర్చీ వేసుకోవచ్చు, పాదాలు రెండూ నేలకు ఆనాలి. మంచం మీద మాత్రం వద్దు. ఫోన్ వేరే గదిలో పెట్టండి. అలారం కోసం దగ్గరే ఉండాలంటే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి బోర్లా తిప్పేయండి.

మొదట పది నిమిషాలు చాలు. ఉత్సాహంతో తొలిరోజే గంట కూర్చునేవాళ్ళు మూడోరోజుకు మానేస్తారు.

ఊపిరి లెక్క

కళ్ళు మూసుకోండి. గాలి ముక్కు రంధ్రాల దగ్గర, పై పెదవి మీద ఎక్కడ తగులుతోందో చూడండి. లోపలికి పోయేటప్పుడు కాస్త చల్లగా, బయటికి వచ్చేటప్పుడు కాస్త వెచ్చగా తెలుస్తుంది. ధ్యాస అక్కడే ఉంచండి, గాలి వెంట ఊపిరితిత్తుల్లోకి పోవద్దు. ఇది ప్రాణాయామం కాదు కాబట్టి ఊపిరిని కావాలని పట్టడం, వదలడం, సాగదీయడం ఏవీ చేయొద్దు. ఆనాపానసతి సుత్తంలో, అంటే దీని గురించి బుద్ధుడు చేసిన ఉపదేశంలో, ఉన్న 16 మెట్లలో మొదటి రెండూ ఇంతే: పొడుగు ఊపిరి వస్తే పొడుగని తెలుసుకోవడం, పొట్టిది వస్తే పొట్టిదని తెలుసుకోవడం. మిగతా 14 గురించి మొదటి ఏడాది ఆలోచించకపోయినా నష్టం లేదని నా అభిప్రాయం.

ధ్యాస నిలబడకపోతే లెక్క పెట్టండి. ఐదో శతాబ్దంలో శ్రీలంకలో అనురాధపురం మహావిహారంలో కూర్చుని బుద్ధఘోషుడనే బౌద్ధ పండితుడు రాసిన విశుద్ధిమగ్గ అనే గ్రంథంలో ఈ లెక్క గురించి వివరంగా ఉంది. ఐదు కన్నా తక్కువలో ఆపొద్దు, పది దాటొద్దు అంటాడాయన. ఊపిరి ఒకసారి లోపలికి పోయి బయటికి వస్తే ఒకటి. అట్లా పది దాకా వచ్చి, మళ్ళీ ఒకటి. పది దాటొద్దని ఎందుకన్నాడో మీరే చూస్తారు. ఒకరోజు ఉలిక్కిపడి చూసుకుంటే పదిహేడు, పద్దెనిమిది అని లెక్కపెడుతూ ఉంటారు. నోరు లెక్క చెప్తూనే ఉంది, మీరు మాత్రం గ్యాస్ సిలిండర్ బుక్ చేశామా లేదా అని ఆలోచిస్తున్నారు. నవ్వుకుని ఒకటి నుంచి మొదలుపెట్టండి. "ఛ, మళ్ళీ పోయింది" అని విసుక్కున్నారంటే ఆ విసుగు ఇంకో పారిపోవడం.

ఇక గోల. పక్కవీధి గుడి మైకులో సుప్రభాతం, బైపాస్ మీద బస్సు హారన్లు, కొండకు పోయే టెంపోలోంచి "గోవిందా" అన్న కేక, పైపోర్షన్ వాళ్ళ మిక్సీ. వీటిని ఆపడం మీ చేతుల్లో లేదు. బుద్ధఘోషుడే ఊపిరి గురించి చెప్తూ నగరద్వారం కాపలావాడి పోలిక ఒకటి తెచ్చాడు. కాపలావాడు ఊరి లోపల ఎవరున్నారు, బయట ఎవరున్నారు అని వెతకడు, ద్వారం దగ్గరికి వచ్చినవాణ్ణి మాత్రం చూస్తాడు. మనకు అలిపిరి చెక్‌పోస్టు కళ్ళముందే ఉంది. అక్కడి మనిషి తన ముందుకొచ్చిన బండిని చూసి వదిలేస్తాడు, దాని వెంట ఘాట్ రోడ్డెక్కి కొండపైకి పోడు. శబ్దం వచ్చింది, విన్నారు, పోయింది. ఆ టెంపోలో ఎంతమంది ఉన్నారు, ఏ ఊరివాళ్ళు అన్నంత దూరం పోయారంటే మీరు దాని వెంట ఘాట్ ఎక్కినట్టే. దిగి రండి.

కాళ్ళు తిమ్మిరెక్కితే కాసేపు చూసి, తట్టుకోలేకపోతే మెల్లగా మార్చుకోండి. దీనికి వీరత్వం అక్కర్లేదు.

నిద్ర ముంచుకొస్తే

కొత్తవాళ్ళలో ఎక్కువమందికి అసలు శత్రువు ఇదే, గోల కాదు. పొద్దున్నే లేచి కళ్ళు మూసుకుంటే తల ముందుకు వాలుతుంది. దీన్ని సిగ్గుపడాల్సిన విషయం అనుకోకండి. బుద్ధుడి ముఖ్య శిష్యుల్లో ఒకడైన మొగ్గల్లానుడు మగధలో ఒక పల్లెలో ధ్యానానికి కూర్చుని తూగుతుంటే, బుద్ధుడు ఆయనకు వరసగా చిట్కాలు చెప్పాడని బుద్ధుడి ఉపదేశాల సంకలనమైన అంగుత్తర నికాయంలో ఉంది. ఏ తలపులో ఉండగా మగత వచ్చిందో ఆ తలపును వదిలెయ్. పోలేదా, విన్న ధర్మాన్ని మనసులో విచారించు. పోలేదా, పైకి వల్లించు. అప్పటికీ పోకపోతే రెండు చెవులూ లాగు, ఒళ్ళు చేతులతో రుద్దుకో. లేచి కళ్ళు నీళ్ళతో కడుక్కుని నాలుగు దిక్కులూ చూడు, పైన నక్షత్రాలు చూడు. వెలుగును మనసులో నింపుకో. అటూ ఇటూ పచార్లు చెయ్. ఇన్ని చేసినా పోకపోతే కుడివైపు తిరిగి పడుకో, లేవాల్సిన వేళ మనసులో పెట్టుకుని.

నాకు ఈ వరసలో నచ్చేది చివరిదే. ఒళ్ళు నిజంగా అలిసిపోతే నిద్రపొమ్మనే అన్నాడు. బ్రహ్మోత్సవాల వారం రెండు షిఫ్టులు చేసి వచ్చినవాళ్ళకు ధ్యానం కన్నా నిద్ర ముఖ్యం. మామూలు రోజుల్లో అయితే చెవులు లాగడం, చన్నీళ్ళు, మిద్దె మీద పచార్లు, ఈ మూడింటితోనే సగం మగత వదులుతుంది.

నడుస్తూ

కూర్చోవడం పది నిమిషాల నుంచి ఇరవైకి వచ్చాక, దానికి నడక కలపండి. మిద్దె మీద పదిహేను, ఇరవై అడుగుల దారి చాలు. ఈ కొస నుంచి ఆ కొసకు నడవాలి, కాసేపు నిలబడాలి, తిరగాలి. కాలు లేస్తోంది, ముందుకు పోతోంది, ఆనుతోంది, ఇంతవరకే గమనించాలి. చేతులు ఎట్లా పెట్టుకోవాలని అడుగుతారు, మీకు ఎట్లా వీలైతే అట్లా. ఇట్లా నడవడం వల్ల ఐదు లాభాలని సుత్తాల్లో ఉంది: దూరం నడిచే శక్తి వస్తుంది, సాధనకు ఓపిక వస్తుంది, జబ్బులు తగ్గుతాయి, తిన్నది అరుగుతుంది, నడకలో కుదిరిన ఏకాగ్రత ఎక్కువసేపు నిలుస్తుంది. రాత్రి సంగటి తిన్నాక చేసి చూడండి, నాలుగోది వెంటనే తెలుస్తుంది.

అలిపిరి నుంచి సుమారు 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2,388. ఈ దారుల్లో నడిచేవాళ్ళకు వేరే చెప్పాల్సింది తక్కువ. మెట్టు మెట్టుకూ వంగి పసుపు, కుంకుమ పెడుతూ పోయే ఆడవాళ్ళను చూడండి. వేలితో బొట్టు పెట్టడం, నిలబడడం, ఒక అడుగు, మళ్ళీ వంగడం. ఎన్ని మెట్లయ్యాయి, ఇంకెన్ని ఉన్నాయి అని వాళ్ళు తలెత్తి చూడరు. మీరూ వారానికోసారి, ఫోనులో పాటలు లేకుండా, గాలిగోపురం దాకా అడుగు మీదే ధ్యాసతో ఎక్కి చూడొచ్చు. ప్రశాంతంగా ఉందని దారి వదిలి అడవిలోకి పోయి కూర్చోవద్దు. 2023లో ఆ దారిలోనే చిరుత దాడిలో ఒక చిన్నపాప చనిపోయింది.

తృప్తి సంగతి

ఇక్కడి దాకా చేసింది నేల దున్నడం వరకే. తృప్తి అనేది కళ్ళు తెరిచాక, రోజు మధ్యలో పెరగాలి.

బౌద్ధం చెప్పేది సూటిగా ఉంటుంది. ఏదైనా తగిలినప్పుడు ముందు ఒక వేదన, అంటే ఒక అనుభూతి, పుడుతుంది. అది సుఖంగా, దుఃఖంగా, లేదా రెండూ కానిదిగా ఉంటుంది. దాని వెనకే "ఇంకా కావాలి" లేదా "ఇది వద్దు" అనే తృష్ణ పుడుతుంది. రెండింటికీ మధ్య ఒక చిన్న సందు ఉంది. పొద్దున ఊపిరి దగ్గర కూర్చుని నేర్చుకున్నదంతా ఆ సందును పట్టుకోవడానికే.

భోజనంతో మొదలుపెట్టండి, అది సులభం. కారం దోశ తినేటప్పుడు గమనించండి. ఎర్రకారం నాలుకకు తగలగానే కంట్లో తడి, చెవుల దగ్గర వేడి, మధ్యలో పప్పుల పొడి కమ్మదనం. అంతా అయ్యేలోపే, మొదటి దోశ ఇంకా నోట్లో ఉండగానే, కళ్ళు పెనం మీది రెండోదాని వైపు పోతాయి. అప్పుడు ఆగండి. రెండోది తినొద్దని కాదు. "కావాలి" అన్నది పుట్టింది అని తెలుసుకుని, నోట్లో ఉన్నది మింగాక నిజంగా ఆకలి ఉందేమో చూసి చెప్పండి. భిక్షువులు అన్నం తినేముందు ఇది సరదాకు, మదానికి, అందానికి కాదు, ఈ ఒళ్ళు నిలబడడానికి అని తలచుకుంటారు. మనం అంత నిష్ఠగా ఉండకపోయినా, మొదటి మూడు ముద్దలు మాట్లాడకుండా, ఫోన్ చూడకుండా తినగలం.

కష్టమైనది ఫోన్ కాల్. తిరుపతిలో ఉండేవాళ్ళకు దీన్ని వివరించక్కర్లేదు. "బావా, బాగుండావా? 300 రూపాయల టికెట్లు దొరకలా. రేపు పొద్దున పద్మావతి ఎక్స్‌ప్రెస్‌కు దిగతాం, ఆరుగురం. నువ్వు లోకల్ గదా, బ్రేక్ దర్శనం, రూమూ ఏమన్నా చూడు." స్క్రీన్ మీద ఆ పేరు కనబడగానే ఛాతీలో ఏదో బిగుసుకుంటుంది, దవడ గట్టిపడుతుంది. ఆ బిగుసుకోవడమే వేదన. రెండు ఊపిరులు దాన్ని చూడండి. చూశాక చేతనైతే చేస్తానని చెప్పండి, లేకపోతే "కుదరదు బావా, ఏమీ అనుకోవద్దు" అని మామూలు గొంతుతో చెప్పండి. మొహమాటానికి "చూస్తాలే" అని చెప్పి రాత్రంతా నలిగిపోవడం వద్దు. రెండు ఊపిరులు ఆగితే ఆ "కుదరదు"లో చిరాకు ఉండదు, అవతలివాళ్ళకూ తేడా తెలుస్తుంది.

తృప్తి అంటే జీతం పెంచమని అడక్కుండా కూర్చోవడం అనుకునేవాళ్ళున్నారు. బుద్ధుడు తిండి, బట్ట, ఉండే చోటు విషయంలో దొరికినదానితో సర్దుకోమన్నాడు. మంచి గుణాలు పెంచుకునే విషయంలో మాత్రం తృప్తిపడొద్దని, పట్టు విడవకుండా ప్రయత్నించమని చెప్పాడు. పిల్లల చదువు కోసం ఓవర్‌టైం చేసేవాడికి ఈ దారి అడ్డం రాదు. తోడల్లుడు రేణిగుంట రోడ్డులో ఫ్లాట్ కొన్నాడని స్టేటస్ చూసిన పూట నిద్ర పట్టడం లేదంటే, అక్కడ పనికొస్తుంది.

మైత్రి, శీలం

రోజూ కూర్చోవడం అయిపోయే ముందు రెండు నిమిషాలు మైత్రి భావన చేయండి. ముందు మీకోసం: నాకు పగ లేకుండా ఉండాలి, బాధ లేకుండా ఉండాలి, సుఖంగా ఉండాలి. తర్వాత మీరు గౌరవించే ఒకరికి, ఆ తర్వాత మీకేమీ కాని ఒకరికి, చివర మీకు సరిపడని ఒకరికి. మూడోవాళ్ళ కోసం తిరుపతిలో వెతుక్కోవాల్సిన పనే లేదు. ఆర్టీసీ బస్టాండులో బ్యాగుల మీద తలపెట్టి పడుకున్న కుటుంబాన్ని తలచుకోండి, పిల్లాడి గుండు మీద గంధం ఇంకా సగం తడిగానే ఉంటుంది. వాళ్ళు ఎవరో మీకు తెలీదు, మళ్ళీ చూడరు. వాళ్ళు సుఖంగా ఇల్లు చేరాలని అనుకోవడం తేలిక. నాలుగోవాళ్ళ దగ్గరికి తొందరపడి పోవద్దు, వారాలు పట్టినా పర్లేదు.

పైన నడవడి అన్నది పంచశీల గురించే: ప్రాణం తీయకపోవడం, ఇవ్వనిది తీసుకోకపోవడం, తప్పుడు సంబంధాలు పెట్టుకోకపోవడం, అబద్ధం ఆడకపోవడం, మత్తు జోలికి పోకపోవడం. ఇది నీతిపాఠంగా చెప్పడం లేదు. రద్దీ రోజున వెయ్యి రూపాయల గదిని రెండున్నర వేలకు ఇచ్చి, మర్నాడు కళ్ళు మూసుకుని చూడండి. మొదట కనబడేది ఊపిరి కాదు, ఆ యాత్రికుడి మొహం.

ఒకరోజు తప్పితే

తప్పుతుంది. ఇంట్లో పెళ్ళి, జ్వరం, పిల్లల పరీక్షలు. తప్పిన రోజుకు బదులుగా మర్నాడు రెండింతలు కూర్చోవద్దు, అది అప్పు తీర్చినట్టు తయారవుతుంది. మామూలుగా పది నిమిషాలు, ఒకటి నుంచి లెక్క. పడుకునే ముందు పక్క మీదే ఐదు ఊపిరులు గమనించినా ఆ రోజు తెగిపోనట్టే.

ఎవరు ఆగాలి, ఎవరు ముందుకు పోవాలి

కళ్ళు మూసుకుంటే భయం పెరుగుతున్నా, పాత దెబ్బలు పదేపదే కళ్ళముందుకు వస్తున్నా, వారాల తరబడి ఏదీ చేయబుద్ధి కాకపోయినా, ఒంటరిగా దీన్ని లాక్కుంటూ పోవద్దు. మానసిక వైద్యుణ్ణి చూడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. మందులు వాడుతున్నవాళ్ళు ధ్యానం మొదలుపెట్టామని మందులు మానొద్దు.

కొన్ని నెలలు ఇంట్లో నిలకడగా సాగాక, గురువు దగ్గర కూర్చోవాలనిపిస్తే పది రోజుల విపశ్యన శిబిరం ఒక దారి. మాండలేలో పుట్టిన ఎస్.ఎన్. గోయంకా బర్మాలో సయాజీ ఊ బా ఖిన్ దగ్గర నేర్చుకుని, 1969లో భారతదేశం వచ్చి నేర్పడం మొదలుపెట్టిన పద్ధతి ఇది. మొదటి మూడు రోజులూ ఊపిరి మీదే, నాలుగో రోజు నుంచి ఒంట్లో కలిగే వేదనలను తల నుంచి పాదాల దాకా గమనించడం, చివర మైత్రి. ఫీజు ఉండదు, ఇంతకుముందు శిబిరం చేసినవాళ్ళ విరాళాలతో నడుస్తుంది. తిరుపతివాళ్ళకు చెన్నైలోని ధమ్మసేతు కేంద్రం దగ్గరవుతుంది, హైదరాబాదులో ధమ్మఖేత్త ఉంది. తెలుగులో సూచనలు కావాలంటే దరఖాస్తులోనే రాయండి. నాలుగు గంటలకు నిద్ర లేపుతారు, తొమ్మిది రోజులకు పైగా ఎవరితోనూ మాట్లాడకూడదు, కొత్తవాళ్ళకు సాయంత్రం భోజనం బదులు పండు, టీ ఇస్తారు. మధ్యలో వచ్చేయడం కుదరదని ముందే ఒప్పుకోవాలి. మానసిక సమస్యలకు మందులు వాడుతుంటే ఆ సంగతి దరఖాస్తులో దాచొద్దు. ఫోన్ వాళ్ళ దగ్గరే పెట్టాలి కాబట్టి ఈఎంఐ తేదీ, కరెంటు బిల్లు, పిల్లల ఫీజు గడువు చూసుకుని, అత్యవసరమైతే ఇంట్లోవాళ్ళు చేయాల్సిన కేంద్రం నంబరు వాళ్ళకు రాసిచ్చి బయల్దేరండి.